షుగర్ ఫ్రీ బిళ్లలతో ఆకలి పెరుగుతుందా? బరువు తగ్గుతుందా, పెరుగుతుందా?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, ఇదే అనుమానం ఉన్న మిగతావాళ్లకూ ఉపయోగపడుతుంది. మీది మిర్యాలగూడ, రైస్ మిల్లులో లెక్కలు చూస్తారు, వయసు 41, బరువు 86 కిలోలు, షుగర్ లేదు. బరువు తగ్గాలని మూడు నెలలుగా ఇంట్లో తాగే మూడు చాయ్‌లలో చక్కెర మానేసి, నాన్నగారి డబ్బాలోని షుగర్ ఫ్రీ బిళ్లలు వేసుకుంటున్నారు. మిల్లుకు వచ్చే ఫ్లాస్కు చాయ్‌లో మాత్రం చక్కెర ముందే వేసి ఉంటుంది, అది ఇంకో మూడు కప్పులు. బరువు తగ్గకపోగా కిలో పెరిగారు. సాయంత్రం అయిదు కొట్టేసరికి ఆకలి ఆగక బయట మిర్చీలు తింటున్నారు. బిళ్లలే ఆకలి పుట్టిస్తాయని స్నేహితుడు అన్నాడు, క్యాన్సర్ వస్తుందని ఇంట్లో టెన్షన్ పడుతున్నారు. మానేయాలా వద్దా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్తాను. ఆ బిళ్ల మిమ్మల్ని లావు చేయలేదు, అది ఉత్తగా మిమ్మల్ని సన్నగా కూడా చేయదు. చక్కెరతో వచ్చే కేలరీలను అది తీసేస్తుంది, అంతవరకే దాని పని. అలా తీసేసిన కేలరీలు రోజులో ఇంకో దారిన మళ్లీ లోపలికి వస్తే బరువు అక్కడే ఉంటుంది, ఎక్కువ వస్తే పెరుగుతుంది. మీకు ఎక్కువే వచ్చాయి. ఎక్కడి నుంచి వచ్చాయో మీ ప్రశ్నలోనే ఉంది.

నేను నల్లగొండలో డైటీషియన్‌ని. దేవరకొండ, నకిరేకల్, హాలియా వైపు నుంచి, మీ మిర్యాలగూడ నుంచి కూడా వస్తుంటారు. అంతకుముందు కొన్నేళ్లు మహబూబ్‌నగర్‌లో చేశాను. ఈ ప్రశ్న వినని వారమంటూ ఉండదు, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క. చెంచాడు చక్కెర అంటే దాదాపు 5 గ్రాములు, 20 కేలరీలు. ఇంటి చాయ్ మూడు కప్పులు, కప్పుకు రెండు చెంచాలు అనుకుంటే మీరు మానేసింది 30 గ్రాములు, అంటే రోజుకు 120 కేలరీలు. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు తక్కువ పడాలి. అంటే మిగతా తిండి గింజంత కూడా మారకపోతే నెలకు అరకిలో కన్నా తక్కువే తగ్గుతారు, అది కూడా మొదట్లోనే, పోనుపోను శరీరం సర్దుకుంటుంది. ఇప్పుడు అటువైపు చూడండి. శనగపిండిలో ముంచి నూనెలో వేయించిన రెండు మిర్చీలు తింటే 200 కేలరీలు దాటుతాయి. మిల్లు చాయ్‌లో చక్కెర ఎట్లాగూ అట్లాగే ఉంది. పొద్దున మిగిల్చింది సాయంత్రం ఒక్క పొట్లంతో పోయింది, మీద ఇంకొంత చేరింది కూడా.

మరి ఆ ఆకలి బిళ్ల వల్ల వచ్చిందా అంటే, మీ స్నేహితుడి మాటను కొట్టిపారేయను. ఆ మాట వెనక నిజమైన పరిశోధన ఉంది, కానీ చేతులు మారుతూ మారుతూ అర్థం మారిపోయింది. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 75 మందికి వేర్వేరు రోజుల్లో చక్కెర నీళ్లు, సుక్రలోజ్ (షుగర్ ఫ్రీ బిళ్లల్లో వాడే ఒక స్వీటెనర్, అంటే చక్కెర బదులు తీపినిచ్చే పదార్థం) కలిపిన నీళ్లు, మామూలు నీళ్లు ఇచ్చి మెదడును స్కాన్ చేశారు. 2025లో ఫలితాలు వచ్చాయి. ఆకలిని నడిపే హైపోథాలమస్ అనే భాగంలో సుక్రలోజ్ తాగాక రక్తప్రసరణ పెరిగింది, చక్కెర తాగినప్పటికన్నా ఆకలి ఎక్కువ అనిపించిందని వాళ్లు చెప్పారు. వార్తల్లో ఇదే వచ్చింది, ‘స్వీటెనర్‌తో ఆకలి పెరుగుతుంది’ అని. కానీ మామూలు నీళ్లు తాగిన రోజుతో పోల్చితే వాళ్లు చెప్పిన ఆకలిలో తేడా లేదు. అదే అసలు విషయం. చక్కెర తాగితే గ్లూకోజ్ రక్తంలోకి వెళ్తుంది, ఇన్సులిన్ వస్తుంది, కడుపు నిండిందని చెప్పే జీఎల్‌పీ-1 లాంటి హార్మోన్లు కొంత విడుదలవుతాయి, మెదడుకు ఏదో తిన్నామనే కబురు అందుతుంది. సుక్రలోజ్‌తో నాలుకకు తీపి తెలుస్తుంది కానీ ఆ కబురు పోదు. అది కొత్తగా ఆకలి పుట్టించడం కన్నా, చక్కెర చాయ్ అణిచిపెట్టే ఆకలిని అణచలేకపోతుంది అనుకోవడమే సరైనది.

మన దగ్గర చాయ్ ఉత్త చాయ్ కాదు కదా. పొద్దున ఆరింటికి ఒకటి, పది గంటలకు ఒకటి, నాలుగింటికి ఒకటి, వీటితోనే చాలామంది పూట గడుపుతారు. పాలు, రెండు చెంచాల చక్కెర ఉన్న చాయ్ చిన్న తిండితో సమానం. దాంట్లోంచి చక్కెర తీసి, ఆ స్థానంలో ఏమీ పెట్టకపోతే ఒంటికి తెలిసిపోతుంది, ఏదో ఒక వేళ అడుగుతుంది. మీకు అయిదింటికి అడుగుతోంది. అయిదింటికే ఎందుకంటే మధ్యాహ్నం డబ్బాలో ఏముందో ఊహించగలను, తప్పయితే చెప్పండి: నిండా అన్నం, పలచటి చారు, కొంచెం కూర, తొక్కు. పప్పు ఉన్న రోజు కూడా అడుగున కాస్త. ఇట్లాంటి అన్నం తిన్నప్పుడు కడుపు బరువుగా ఉంటుంది, మూడు గంటలు దాటేసరికి ఖాళీ. మాంసకృత్తులు తక్కువైన భోజనం ఎంత తిన్నా నిలవదు.

నకిరేకల్ నుంచి ఒక టీచరమ్మ వచ్చేవారు. చాయ్‌లో చక్కెర పూర్తిగా బంద్ చేశానని, అయినా రెండు కిలోలు పెరిగానని చాలా బాధపడ్డారు. ఒక వారం తిన్నవన్నీ రాసుకుని రమ్మన్నాను. రాసుకొచ్చిన నోట్‌బుక్‌లో ప్రతి చాయ్ పక్కన ‘ఉస్మానియా 3’, ‘ఉస్మానియా 4’ అని ఉంది. అంతకుముందు చక్కెర చాయ్‌తో ఒకటో రెండో తినేవారట. ‘చక్కెర మానేశాను కదా మేడం, బిస్కెట్ తింటే ఏమవుతుందిలే అనుకున్నా’ అన్నారు. ఆవిడ అబద్ధం చెప్పలేదు, నిజంగానే అట్లా అనిపిస్తుంది మనిషికి. ఒకచోట మిగిల్చామన్న ధైర్యంతో ఇంకోచోట చెయ్యి సడలుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో బిళ్లలు వేసుకుంటూ బరువు పెరిగినవాళ్లను నోట్‌బుక్ రాయిస్తే, దాదాపు అందరిలో ఇదే బయటపడుతుంది.

అట్లాగని స్వీటెనర్లు పనికిరావని కాదు. ఎక్కడ పనికొస్తాయో చెప్తాను. మహబూబ్‌నగర్‌లో ఉన్నప్పుడు ఒక ఆటో డ్రైవర్ తమ్ముడు ఎండాకాలం రోజూ రెండు పెద్ద కూల్‌డ్రింక్ సీసాలు తాగేవాడు. 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది, అంటే పన్నెండు చెంచాలు, 250 కేలరీల దాకా. రెండు సీసాలంటే 500. మజ్జిగ తాగమంటే వినలేదు, డైట్ రకానికి మారమంటే మారాడు, తిండి పెద్దగా మార్చకుండానే కొన్ని నెలల్లో బెల్టు రంధ్రం మారింది. తర్వాత ఆ డైట్ రకం కూడా తగ్గించి మజ్జిగకు, నిమ్మకాయ ఉప్పు నీళ్లకు వచ్చాడు. తీసేసే చక్కెర పెద్దదైతే ఫలితం కనబడుతుంది, మూడు కప్పుల చాయ్‌లోంచి తీసేదానికి పెద్దగా కనబడదు. ఇదే సంగతి నెదర్లాండ్స్‌లో 641 మంది పిల్లల మీద ఏడాదిన్నర చేసి 2012లో ప్రచురించిన ప్రయోగంలోనూ తేలింది. రోజూ 250 మిల్లీలీటర్ల చక్కెర డ్రింక్ తాగిన పిల్లలు ఆ కాలంలో సగటున 7.37 కిలోలు పెరిగితే, స్వీటెనర్ డ్రింక్ తాగినవాళ్లు 6.35 కిలోలు పెరిగారు. ఎవరు ఏది తాగుతున్నారో పిల్లలకు గానీ చూసేవాళ్లకు గానీ తెలియకుండా చేశారు కాబట్టి ఆ ఫలితం మీద నాకు నమ్మకం ఎక్కువ. పిల్లలకు డైట్ డ్రింకులు ఇవ్వమని దీని అర్థం కాదు, పిల్లలకు నేను రెండూ వద్దంటాను.

మన చాయ్ అలవాటుకు దగ్గరగా ఉన్న ప్రయోగం చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్లది. షుగర్ ఉన్నవాళ్లు 179 మందిలో కొందరికి 12 వారాల పాటు చాయ్, కాఫీల్లో చక్కెర బదులు సుక్రలోజ్ వాడించారు. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పెరగలేదు, తగ్గనూ లేదు. బరువు, నడుము చుట్టుకొలత చాలా కొద్దిగా తగ్గాయి, గ్రాముల్లో చెప్పుకోవాల్సినంత. నేను రోజూ చూసేదీ ఇంతే. హాని లేదు, అద్భుతమూ లేదు.

మరి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడొద్దని చెప్పిందిగా అని అడుగుతారు. నిజమే, 2023 మే నెలలో బరువు తగ్గడానికి వీటి మీద ఆధారపడొద్దని సూచన ఇచ్చింది. ఆ సూచన ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకు వర్తించదని కూడా అందులోనే రాసింది, మనవాళ్లు ఆ ముక్క చదవరు. ఆ సూచన వెనక రెండు రకాల సమాచారం ఉంది. కొన్ని వారాలో నెలలో మనుషులకు ఇచ్చి చూసిన ప్రయోగాల్లో బరువు కొద్దిగా తగ్గింది. ఏళ్ల తరబడి జనాన్ని గమనించిన అధ్యయనాల్లో మాత్రం వీటిని వాడేవాళ్లలో ఊబకాయం, షుగర్, గుండె జబ్బులు ఎక్కువ కనిపించాయి. ఈ రెండోదాంట్లో ఒక చిక్కు ఉంది. షుగర్ ఫ్రీ డబ్బా ఎవరు కొంటారు? అప్పటికే లావుగా ఉన్నవాళ్లు, ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉండి భయపడేవాళ్లు, మీలాంటివాళ్లే. వాళ్లకు రేపు షుగర్ వస్తే అది బిళ్ల తెచ్చిందా, బిళ్ల కొనేలా చేసిన కారణమే తెచ్చిందా అన్నది విడదీయడం కష్టం. ఆ సంస్థ కూడా అందుకే దాన్ని గట్టి ఆదేశంగా కాక షరతులతో కూడిన సూచనగా ఇచ్చింది. దాని సారాంశం మాత్రం నాకు నచ్చుతుంది, బరువు కోసం బిళ్లను నమ్ముకోకండి అనే.

రెండోవైపు కూడా కళ్లు తెరుచుకుని చూడాలి. ఇంగ్లండ్‌లో లివర్‌పూల్ పరిశోధకులు బరువు తగ్గే కార్యక్రమంలో ఉన్న 493 మందిని ఏడాది చూస్తే, స్వీటెనర్ డ్రింకులు తాగినవాళ్లు సగటున 7.5 కిలోలు, నీళ్లు తాగినవాళ్లు 6.1 కిలోలు తగ్గారు. వినడానికి బాగుంది, కానీ ఆ ప్రయోగానికి డబ్బు పెట్టింది అమెరికా కూల్‌డ్రింక్ కంపెనీల సంఘం. ఫలితం తప్పని నేను అనను, ఆ సంగతి మనసులో పెట్టుకుని చదవాలి. పైగా వాళ్లందరూ ఒక పద్ధతి ప్రకారం తింటూ, వ్యాయామం చేస్తూ ఉన్నవాళ్లు. వాళ్ల బరువు తగ్గించింది ఆ పద్ధతి.

పేగుల్లోని సూక్ష్మజీవుల సంగతి అడిగేవాళ్లూ ఉంటారు. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 2022లో, అంతకుముందు స్వీటెనర్లు వాడని 120 మందికి రెండు వారాలు ఇచ్చి చూశారు. సాక్రిన్, సుక్రలోజ్ తీసుకున్నవాళ్లలో గ్లూకోజ్ తాగాక షుగర్ పెరిగే తీరు కొంత చెడింది, ఆస్పర్టేమ్, స్టీవియాలతో అట్లా కాలేదు. అది కూడా మనిషి మనిషికీ వేరుగా ఉంది. దీన్ని నేను తేలిగ్గా తీసుకోను. అందుకే షుగర్ లేనివాళ్లకు ఇవి ఏళ్ల తరబడి కాకుండా చక్కెర మానడానికి మధ్యలో కొన్నాళ్లు పట్టుకునే ఊతకర్రలా వాడమని చెప్తాను.

క్యాన్సర్ భయం గురించి ఇంట్లోవాళ్లకు ఇట్లా చెప్పండి. 2023 జూలైలో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్పర్టేమ్‌ను ‘2బీ’ జాబితాలో పెట్టింది, అంటే క్యాన్సర్ కలిగించే అవకాశం ఉండొచ్చు, ఆధారం మాత్రం బలంగా లేదు అని. అదే సమయంలో ఆహారంలో కలిపే పదార్థాలను చూసే ఇంకో నిపుణుల కమిటీ, కిలో శరీర బరువుకు రోజుకు 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని మార్చాల్సిన అవసరం లేదంది. డెబ్బై కిలోల మనిషి ఆ పరిమితి దాటాలంటే డైట్ డ్రింకు డబ్బాలు రోజుకు తొమ్మిది నుంచి పద్నాలుగు తాగాలి. చాయ్‌లో వేసే బిళ్లలతో అక్కడికి చేరడం జరిగే పని కాదు. పుట్టుకతో ఫినైల్‌కీటోన్యూరియా అనే జబ్బు ఉన్నవాళ్లు మాత్రం ఆస్పర్టేమ్ అసలే ముట్టకూడదు. గర్భిణులు ఏది వాడాలన్నా ముందు డాక్టర్‌ని అడగాలి.

మీ బిళ్లల డబ్బాలో ఏముందో తిప్పి చూడండి, స్వీటెనర్ నంబరు రాసి ఉంటుంది. 951 అంటే ఆస్పర్టేమ్, 955 సుక్రలోజ్, 954 సాక్రిన్, 960 స్టీవియా. ఆస్పర్టేమ్ వేడికి తట్టుకోదు, స్టవ్ మీద మరిగే చాయ్‌లో వేస్తే తీపి పోతుంది, జనం ఇంకో బిళ్ల వేస్తారు. మరిగే చాయ్‌కి సుక్రలోజ్ నయం. సాక్రిన్ అన్నిటికన్నా పాతది, 1879 నుంచీ ఉంది, మన జిల్లాల్లో కల్తీ కల్లులో తీపి కోసం కలిపేదీ అదే. అక్కడ ఎంత వేస్తారో కొలత ఉండదు, అయినా ఆ కల్లులో సాక్రిన్ కన్నా అల్ప్రాజోలం, డైజీపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు ప్రాణానికి ప్రమాదం. తాగేవాళ్లు మీ చుట్టూ ఉంటే చెప్పండి.

ఇంకో మాట, షుగర్ ఫ్రీ అని రాసి ఉన్న మిఠాయిలు, బిస్కెట్ల గురించి. దసరాకు, పెళ్లిళ్లకు బాగా అమ్ముతున్నారు. అందులో చక్కెర తీసేశారు, కోవా, నెయ్యి, మైదా, జీడిపప్పు తీసేయలేదు. కేలరీలు దాదాపు అక్కడికక్కడే. కొన్నిట్లో చక్కెర బదులు మాల్టిటాల్ లాంటి తీపి పదార్థాలు వేస్తారు, నాలుగు ముక్కలు తింటే కడుపు ఉబ్బి విరేచనాలు పట్టుకుంటాయి. అట్లాగే హైవే మీద బోర్డులు పెట్టి అమ్మే బెల్లం చాయ్. బెల్లంలో ఇనుము అదీ కొంచెం ఉండొచ్చు, కేలరీల లెక్కలో మాత్రం అది చక్కెరే, తేనె కూడా అంతే.

ఇప్పుడు మీరేం చేయాలి. బిళ్లలు రేపే పారేయక్కర్లేదు. ముందు మధ్యాహ్నం డబ్బా మార్చండి: అన్నం పావు వంతు తగ్గించి గట్టి పప్పు గిన్నెడు పెట్టించుకోండి, వీలైతే ఒక ఉడికించిన గుడ్డు, పెరుగు. జొన్నరొట్టె అలవాటుంటే ఇంకా మంచిది, ఆకలి తొందరగా కాదు. నాలుగున్నరకు, అంటే ఆకలి మిమ్మల్ని పట్టుకోకముందే, శనగ గుడాలో బొబ్బర గుడాలో ఒక గిన్నెడు, లేకపోతే గుప్పెడు పల్లీలు తినండి. గుప్పెడే, పల్లీలు గిన్నెడు తింటే మళ్లీ మిర్చీల లెక్కకు పోతుంది. మిర్చీ బండి వైపు అయిదింటికి ఖాళీ కడుపుతో నడిస్తే ఎవరికైనా కాలు ఆగదు, కడుపులో గుడాలు ఉంటే దాటిపోవడం తేలిక.

తర్వాత మిల్లు చాయ్. ఫ్లాస్కు తెచ్చే పిల్లగాడికి చెప్పి చక్కెర లేని చాయ్ వేరే తెప్పించుకోండి, కుదరకపోతే మూడు కప్పులు ఒకటి చేయండి. మీరు ఇంట్లో చక్కెర మానేసి బయట తాగుతున్నంత కాలం నాలుకకు ఆ తీపే అలవాటుగా ఉంటుంది. ఇంటి చాయ్‌లో రెండు బిళ్లలు వేస్తుంటే రెండు వారాలకు ఒకటిన్నర, ఇంకో రెండు వారాలకు ఒకటి, అట్లా దించుకుంటూ రండి. మొదట చప్పగా అనిపిస్తుంది. కొన్ని వారాలకు నాలుక మారుతుంది, అప్పుడు పెళ్లిలో ఇచ్చే చాయ్ నోట్లో పెట్టుకుంటే వెగటు పుడుతుంది. అక్కడిదాకా వచ్చినవాళ్లు మళ్లీ చక్కెరకు గానీ బిళ్లకు గానీ పోవడం నేను చాలా తక్కువ చూశాను.

నిద్ర గురించి మీరేమీ రాయలేదు. మిల్లులో వరి సీజన్‌లో రాత్రి పదకొండు, పన్నెండు దాకా లెక్కలు నడుస్తాయని మీ ఊరివాళ్లు చెప్తుంటారు. నిద్ర తక్కువైతే మర్నాడు ఆకలి పెరుగుతుంది, వేయించినవీ తీపివీ మీదికే మనసు పోతుంది. మీ మూడు నెలలు సీజన్‌లోనే పడి ఉంటే ఆ కిలోలో దాని వాటా కూడా ఉంటుంది.

చివరగా మీ నాన్నగారి సంగతి, ఇది మీ బరువు కన్నా ముఖ్యం. ఆయన ఇన్సులిన్ గానీ షుగర్ తగ్గించే గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే, ఎప్పుడైనా చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే షుగర్ పడిపోయిందని అర్థం. దేవరకొండ వైపు ఒక ఇంట్లో అట్లాంటప్పుడు, షుగర్ మనిషి కదా అని భయపడి బిళ్ల వేసిన చాయ్ తాగించారు, పది నిమిషాలు చూసినా తేరుకోలేదు, అప్పుడు పక్కింటావిడ చక్కెర నీళ్లు పోసింది. ఆ సమయంలో బిళ్లలు, డైట్ డ్రింకులు పనిచేయవు, అసలు చక్కెర కావాలి: మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ షుగర్ చూడండి, తగ్గే ఉంటే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. చక్కెర డబ్బా ఇంట్లోంచి పూర్తిగా తీసేయకండి, ఎక్కడుందో అందరికీ తెలిసేట్టు పెట్టండి.

నాన్నగారు వాడే మాత్రల పేర్లు, మీ మధ్యాహ్నం డబ్బాలో ఏముంటుంది, రాత్రి ఎన్నింటికి తింటారు, ఎన్నింటికి పడుకుంటారు, ఇవి రాస్తే ఇంకా వివరంగా చెప్పగలను.